ఫ్లెక్సీలో మా అన్న

నంద్యాల లోకల్ కేబుల్‌లో సాయంత్రం పూట ఊరి వార్తలు చదివేది నేనే. చదవడమంటే స్టూడియో, మేకప్పు, లైట్లు అనుకునేరు. మిద్దె మీద ఒక రేకుల గది, వెనక నీలం గుడ్డ, ముందు ఒక కెమెరా, మూల ఒక ఫ్యాను. ఫ్యాను వేస్తే దాని మూలుగు వార్తల్లో పడుతుంది. ఆపితే చెమట కళ్లల్లోకి కారుతుంది. ఊరు వినాలి కదా అని ఆపేసే చదువుతాను.

ఏ వార్డుకు రేపు నీళ్లు రావు, ఏ వీధిలో కాలువ పూడిక తీస్తున్నారు, కౌన్సిల్ మీటింగులో ఎవరు లేచి బయటికి పోయారు, ఏ సత్రంలో అన్నదానం, ఏ కాలేజీలో రక్తదాన శిబిరం, ఎవరింట్లో పెద్దదినం. ఇవే నా వార్తలు. ఏళ్ల తరబడి ఇవే. ఒక్కోసారి నాకే ఒళ్లు మండుతుంది. అదే కాలువ, అదే పూడిక, చర్యలు తీసుకుంటామని అదే అధికారి అదే మాట. అయినా గొంతు సవరించుకుని చదివేవాణ్ణి. ఇంట్లో పెద్దవాళ్లు కొందరైనా టీవీ ముందు కూర్చుని, నీళ్ల సంగతి విని బిందెలు కడుక్కునేవారు. ఇప్పుడు అదీ పోయింది. నీళ్లు వస్తాయో రావో వాట్సాప్ గ్రూపు చెబుతుంది. నన్ను ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు.

మా అన్నది ఆళ్లగడ్డ. నేను ఉద్యోగం పేరుతో నంద్యాలకు వచ్చేశాను గానీ ఆయన అక్కడే ఉండి శనగ, వరి పండించేవాడు. నాకంటే బాగా పెద్ద. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. మనిషి నల్లగా, కర్రలాగా ఉండేవాడు. మాట తక్కువ. నేను టీవీలో కనిపిస్తే మాత్రం, పక్కింటివాళ్లను కేకేసి పిలిచేవాడట. "మా వాడు సూడండి, ఎంత గట్టిగా సదువుతాండాడో" అని.

ఒక ఎండాకాలం జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో పడుకోబెట్టి నయం చేసి పంపించారు. జ్వరం తగ్గింది గానీ మనిషి తిరిగి రాలేదు. సొంత చేనికి పోయి దారి మరిచిపోయి, ఎవరి గట్టు మీదో కూర్చునేవాడు. మా వదిన పేరు గుర్తు ఉండేది, నా పేరు ఒకరోజు ఉండేది ఒకరోజు ఉండేది కాదు. చదవడం మాత్రం పోలేదు. బస్సు బోర్డు, మందుల షాపు బోర్డు, గోడ మీది రాత, ఏది కనబడితే అది పైకి చదివేవాడు. డాక్టరు అదొక మంచి గుర్తు అన్నాడు. దేనికి గుర్తో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒకరోజు పొద్దున వదిన పెరట్లో బట్టలు ఉతుకుతుంటే గేటు తీసుకుని వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డ బస్టాండులో పండ్ల బండి ఆయన చూశాడట. "నంద్యాల, నంద్యాల అని బోర్డు సదువుకుంటా బస్సెక్కె. తమ్మునికాడికి పోతాండాడేమో అనుకుంటి" అన్నాడు. అంతే. నా దగ్గరికి రాలేదు. నంద్యాలలో ఎక్కడ దిగాడో, దిగి ఎటు నడిచాడో ఎవరికీ తెలియదు.

పోలీసు స్టేషనులో కంప్లయింటు ఇచ్చాం. బస్టాండు, రైల్వే స్టేషను, పెద్దాసుపత్రి, సత్రాలు, దర్గాలు, కాళ్లు అరిగేలా తిరిగాం. సాయంత్రం వార్తల చివర నేనే చదివేవాణ్ణి. ఆళ్లగడ్డకు చెందిన ఫలానా వ్యక్తి కనబడుటలేదు, ఆచూకీ తెలిసినవారు ఈ నంబరుకు తెలియజేయగలరు. మొదటి రోజు పేరు దగ్గరే ఆగిపోయాను. కెమెరా ఆపి, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ చదివాను. తరువాత తరువాత అలవాటైంది. అలవాటైనందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

అప్పుడు మా బావ, అంటే వదిన తమ్ముడు, ఫ్లెక్సీ మాట ఎత్తాడు. నంద్యాల జిల్లా కేంద్రం అయిన దగ్గర్నుంచి ఊరికి ఫ్లెక్సీల జబ్బు పట్టింది. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పదవి వస్తే ఫ్లెక్సీ, వస్తుందేమోనని ఫ్లెక్సీ, చచ్చిపోతే ఫ్లెక్సీ. సెంటర్లో నిలబడితే ఆకాశం కనబడదు, చేతులు జోడించిన మొహాలే. పదిమంది కళ్లల్లో పడాలంటే అదే దారి అన్నాడు బావ. నిజమే అనిపించింది. ఆళ్లగడ్డ ఇంట్లో అరుగు మీద కూర్చుని ఏం రాయించాలో మాట్లాడుకున్నాం.

"దారి మర్సిపోతాడని పెద్దచ్చరాలతో రాయి బావా" అన్నాను. "సూసినోళ్లు పట్టి కూసోబెడతారు."

"దారి మర్సిపోతాడంటే ఏందీ? పిచ్చోడనే కదా. మన ఇంటి మనిషిని రోడ్డు మీద నిలబెట్టి పిచ్చోడని రాస్తామా? రేపు నేను తలకాయ ఎత్తుకోని యాడ తిరగల్ల?"

"నీ తలకాయ సంగతి తరవాత సూద్దాం. మనిషి దొరకల్ల గదా."

"కనపడలేదని రాస్తే సాలు. అదీ సిన్నగా రాపిద్దాం. పేరు పెద్దగా రాపిద్దాం. గౌరవమైన కొంప మనది."

నేను ఇంకో మాట అనబోతే పెద్దవాళ్లు కూడా బావనే సమర్థించారు. మా వైపు అంతే. ఇల్లు కాలిపోతున్నా ముందు ధోవతి మార్చుకుని బయటికి వస్తాం. వదిన గడప దగ్గర నిలబడి అన్నీ వింది. "నా ఫోను నంబరు ఎయ్యండి, నేనే ఎత్తుతా" అని మాత్రం అంది.

ఫ్లెక్సీ షాపుకు బావే పోయాడు. నాలుగు దినాల్లో నంద్యాల నిండా కట్టించాడు. కూలీలు ఎక్కడ స్తంభం ఖాళీగా కనిపిస్తే అక్కడ కట్టేసి వచ్చారు. ఎక్కడెక్కడ కట్టారో మొత్తం ఒక్కరికీ తెలియదు. బస్టాండు ముందర కట్టినదాన్ని చూసి నేను స్కూటరు పక్కకు ఆపేశాను. పైన బంగారు రంగులో శ్రీ అని, అన్న పేరు, చివర గారు. ఊరి పేరు. చుట్టూ గులాబీలు. మధ్యలో ఇస్త్రీ తెల్ల చొక్కా, జేబులో పెన్ను, జోడించిన చేతులు. ఆ శరీరం ఎవరిదో, తల మా అన్నది. ఆ తల కూడా అన్నదని నేను చెబితే నమ్మాలి. వెన్నలాగా తెల్లగా ఉంది. నెరిసిన మీసం నల్లగా అయింది. చెంపల మీది గుంటలు పూడిపోయాయి. కనబడుటలేదు అన్న మాట కింద గులాబీల మీద పసుపు రంగులో ఉంది. దాని పక్కన ఫోన్ నంబరు.

షాపుకు పోయి ఓనరు మీద ఎగిరాను. అతను తన పని తాను చేసుకుంటూనే జవాబిచ్చాడు. "నల్లగా ఉంటే ఫ్లెక్సీలో మసిబొగ్గు మాదిరి పడతాదన్నా. అందరికీ ఇట్లనే చేస్తాం. మీ బావ సూసి బాగుంది అన్న్యాడే." వదినకు ఫోన్లో ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "ఈయనెవురప్పా?" అని నన్నే అడిగింది. "మీ ఆయనే అక్కా, ఎంత బాగొచ్చినాడు సూడు" అన్నాడు బావ. ఆమె లోపలికి పోయింది.

ఫోన్లు వచ్చాయి. ఎందుకు రావు? ఒకాయన అన్న ఏ వార్డులో నిలబడుతున్నాడని అడిగాడు. ఒకాయన పింఛను ఇప్పించమని బతిమాలాడు. ఎక్కువమంది జన్మదిన శుభాకాంక్షలు చెప్పారు. వదిన నాకు ఫోన్ చేసి, "అప్పా, అందురూ శుభాకాంక్షలు అంటాండారు. ఏం జెప్పల్ల వాళ్లకు?" అంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక గోడకేసి తల కొట్టుకున్నాను. బావతో మళ్లీ గొడవ పడ్డాను. మార్పించు, మామూలు ఫోటో వెయ్యి అంటే, "పదిమంది నోళ్లల్లో పేరు పడతాంది కదా, గమ్మునుండు బావా" అన్నాడు. కట్టినవన్నీ అలాగే వేలాడాయి.

అంతలో ఎవరో పెద్ద మనిషి ఊరికి వస్తున్నాడని మున్సిపాలిటీ మేలుకుంది. ఆ సాయంత్రం నా ముందున్న కాగితంలో మొదటి వార్త అదే. పట్టణ సుందరీకరణలో భాగంగా అనుమతి లేని ఫ్లెక్సీలన్నింటినీ సిబ్బంది తొలగించారు. చదువుతుంటే లోపల్లోపల సంతోషం కూడా వేసింది. పీడ విరగడైంది, ఇంక ఆకాశం కనబడుతుంది అనుకున్నాను. మిగతా వార్తలు చదువుతూ చదువుతూ చివరికి వచ్చాను. ఆళ్లగడ్డకు చెందిన ఫలానా వ్యక్తి. అప్పుడు తట్టింది, పీకినవాటిలో మా అన్న కూడా ఉన్నాడని.

వదినకు చెబితే నేననుకున్నట్టు గాబరా పడలేదు.

"పీకితే పీకనీ. ఆ మొగం పోతేనే మేలు. నాకాడ ఒక ఫోటో ఉంది, తెస్తాండా. ఫ్లెక్సీ వద్దు, గోడకు అంటిచ్చే కాయితాలు ఏపిచ్చు. ఏం రాయల్లనో నేను జెప్తా."

మరుసటి రోజు మొదటి బస్సుకే వచ్చింది. ఆ ఫోటో పక్క చేనివాళ్లు సెల్‌ఫోన్లో తీసింది. శనగ చేలో అన్న నిలబడి ఉన్నాడు. చిరుగుల బనియను, తలకు తువ్వాలు, నెరిసిన గడ్డం, ఎండకు చిట్లించిన కళ్లు. మసిబొగ్గు లాగానే ఉన్నాడు. చూడగానే నాకు దుఃఖం తన్నుకొచ్చింది. ఎన్నాళ్ల తరువాతో అన్నను చూసినట్టు అనిపించింది. కింద రాయాల్సింది వదిన చెప్పింది, నేను రాశాను. ఈయన దారి మర్చిపోతాడు. కోప్పడకుండా కూర్చోబెట్టి, ఈ నంబరుకు ఫోన్ చేయండి. శ్రీలూ గారులూ ఏమీ లేవు. బావ ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు.

కాగితాలు అచ్చు వేయించి, ఒక ఆటో మాట్లాడుకుని, మైదా జిగురు గిన్నె ఒళ్లో పెట్టుకుని ఇద్దరం బయలుదేరాం. బస్టాండు, మార్కెట్టు, ఆసుపత్రి గోడలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. గడివేముల పోయే దారిలో, ఊరు అయిపోయే చోట ఒక టీ అంగడి ఉంది. ఆ వైపు నేను ఒక్కసారి కూడా వెతకలేదు. దారి తెలియని మనిషి బస్టాండులోనో ఆసుపత్రిలోనో ఉంటాడు గానీ ఇంత దూరం ఎందుకొస్తాడు అనుకున్నాం. అంగడి గోడకు కాగితం అంటిస్తానని అడిగాను. టీ ఆయన సరేనని తల ఊపి, అంటించాక దగ్గరికి వచ్చి చూశాడు.

"ఈ పెద్దాయనా? ఈడనే ఉండె గదప్పా" అన్నాడు.

నేను వదినను కేకేశాను. వదిన ఆటో దిగి వచ్చింది.

"యాడ? యాడుండాడు?"

"ఇప్పుడు లేడుమ్మా. మొన్నటిదాకా ఉండె. పొద్దున్నే వచ్చి ఆ కరెంటు స్తంభం కింద కూసుంటాండె. టీ ఇస్తే తాగుతాండె, బన్ను ఇస్తే తింటాండె. ఎవురినీ ఒక మాట అనేటోడు కాదు. ఆ స్తంభానికి ఒక ఫ్లెక్సీ ఉండె లే, ఎవురో లీడరుది. దాన్ని సూపిచ్చి, అది నేనే అంటాండె. మేము నగుతాంటిమి."

వదిన ఇంకా దగ్గరికి జరిగింది.

"ఇంగేమనె?"

"ఆడ రాసిన పేరు గట్టిగా సదువుతాండె. ఊరు పేరు గుడక. ఆ నంబరుకు ఫోను కొట్టప్పా, అది మా ఇంట్లో మోగుతాది అనేటోడు. రోజూ అదే మాట. వచ్చినోళ్లను పోయినోళ్లను అందుర్నీ అడుగుతాండె."

"కొట్టకపోతివా నాయనా?"

టీ ఆయన చేతులు తుడుచుకున్నాడు. మంచివాడే. మనిషికి రోజూ తిండి పెట్టినవాడు.

"యాడ కొట్టల్లమ్మా? లీడర్లతో మాకేం పని? ఎవురో పిచ్చోడు ఆ లీడరు నేనే అంటాండాడని ఫోను జేస్తే, రేపు పదిమందొచ్చి నా అంగడి ఎత్తి పారేస్తే నాకెవురు దిక్కు? కొత్తగా లేస్తాండే లీడరేమో అనుకుంటిమి."

నాకు ఆగలేదు. "కనబడుటలేదని రాసింది కదయ్యా కింద! కండ్లు లేవా మీకు?" అని అరిచాను.

"ఫ్లెక్సీలు ఎవురు సదువుతారన్నా?" అన్నాడు. "మొగం సూస్తాం, పోతాం."

నేను మాత్రం ఎన్ని చదివాను? ఊరంతా నిండిన ఆ మొహాల్లో ఒక్కదాని కింది అక్షరాలైనా ఆగి చూశానా? అంత ఊరికి రోజూ వార్తలు చదివేవాణ్ణి. అయినా కోపం చల్లారలేదు, ఆ మనిషి మీద, బావ మీద, గులాబీలు పెట్టిన షాపువాడి మీద.

"ఇప్పుడు యాడికి పోయినాడు?" అని వదిన అడిగింది.

"మున్సిపాల్టోళ్లు వచ్చి ఫ్లెక్సీలు పీకి ట్రాక్టర్లో ఏసిరి గదమ్మా. ఇది పీకేటప్పుడు అడ్డం పడె. ఇనకపోతే ట్రాక్టరెనకాల ఉరికె. నన్ను యాడికి తీస్కపోతాండారప్పా, నన్ను యాడికి తీస్కపోతాండారప్పా అనుకుంటా. మళ్లా ఈ తట్టు రాలా."

వదిన అక్కడి బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. స్తంభం వైపు చూసి, "కాళ్లకు చెప్పులుండెనా?" అని అడిగింది. లేవని టీ ఆయన చెప్పాడు.

అదే ఆటోలో చెత్త యార్డుకు పోయాం. కుప్పలు కుప్పలుగా ఊరంతా అక్కడ పడి ఉంది. వాసనకు ఆటో అతను లోపలికి రానన్నాడు. ప్లాస్టిక్ ఏరుతున్న ఆడమనిషి ఒకామెకు వదిన కాగితం చూపించింది. ఆమె చూడగానే గుర్తు పట్టింది.

"వచ్చె కదక్కా ఈయప్ప. రొప్పుకుంటా వచ్చె. ఆ ఫ్లెక్సీల కుప్పలో పడి, నా పటం, నా పటం అని దేవులాడుతాండె. మా సూపరువైజరు కసిరె గానీ నాకు పాపమనిపిచ్చె. ఎతికి ఇచ్చి పంపిస్తి. సుట్టుకోని సంకన పెట్టుకోని పాయ."

"ఎటు పాయ?"

"రోడ్డు తట్టు" అని చెయ్యి చూపించింది. అక్కడి నుంచి రోడ్డు ఎటైనా పోతుంది.

గుడిసెల మీద కప్పిన ఫ్లెక్సీలన్నీ చూశాం, ఎవరికైనా ఇచ్చేశాడేమోనని. గడివేములలో అడిగాం, కోయిలకుంట్లలో అడిగాం, ప్యాపిలి దాకా పోయి గోడలకు కాగితాలు అంటించాం. ఎక్కడా ఎవరూ చూడలేదు. బావ ఒకరోజు వచ్చి అక్క ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అన్నం పెట్టి, తన పనిలో పడింది.

మా కేబుల్ ఓనరు ఈమధ్య నన్ను పిలిచి, "ఎన్ని దినాలు సదువుతావన్నా అదే వార్త? సూసేవాళ్లు విసుక్కుంటాండారు" అన్నాడు. సూసేవాళ్లెవరో ఒక్కరిని చూపించమని ఆయన మీద అరిచి వచ్చాను. ఇప్పటికీ చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ నాకు ఒకటే కనబడుతుంది. తన పేరు, తన ఊరు, తన ఇంటి ఫోన్ నంబరు సంకన పెట్టుకుని, చెప్పుల్లేకుండా మా అన్న ఎక్కడో నడుస్తున్నాడు. ఎవరైనా ఒక్కరు దాన్ని విప్పించి చదివితే చాలు.

మొన్న ఆళ్లగడ్డకు పోయాను. వదిన వంటింట్లో ఉంది, నేను గడప దగ్గర కూర్చుని ఉన్నాను. ఆమె ఫోను కొంగుకు కట్టుకునే ఉంటుంది. స్నానానికి పోయినా కిటికీలో పెట్టుకుంటుందట. ఫోను మోగింది. ఏదో తెలియని నంబరు. ఆమె చేతి తడి తుడుచుకోకుండానే ఎత్తి, హలో అనకుండా, "యాడుండావు?" అంది.

అవతలి మాటలు నాకూ వినబడ్డాయి. అది రికార్డు చేసిన ఆడగొంతు. మీ పట్టణంలో పారిశుద్ధ్య పనులు ఎలా జరుగుతున్నాయి, బాగున్నాయి అనుకుంటే ఒకటి నొక్కండి, బాగాలేవు అనుకుంటే రెండు నొక్కండి అని అడుగుతోంది. కోపం నషాళానికి అంటి, పెట్టెయ్ వదినా అని చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. ఒకటీ నొక్కలేదు, రెండూ నొక్కలేదు. ఆ గొంతు చెప్పిందే మళ్లీ మొదటి నుంచి చెప్పి, ధన్యవాదాలు అనేదాకా ఓపిగ్గా విని, మళ్లీ అడిగింది.

"యాడుండావు?"